బండి జారుతోందంటే గేర్‌బాక్సు పోయినట్టేనా?

కోల్‌కతాకి బదిలీ మీద వచ్చిన తెలుగువాళ్లు మొదటి వారంలో ఒక్కసారైనా నవ్వుకునే పేరు ‘మా ఫ్లైఓవర్’. పార్క్ సర్కస్ వైపు నుంచి సైన్స్ సిటీ దగ్గర ఈస్టర్న్ మెట్రోపాలిటన్ బైపాస్‌కి చేర్చే వంతెన అది. 2015లో తెరిచారు. బెంగాలీలో ‘మా’ అంటే అమ్మ. మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చిన కొత్తలో, ‘‘మా ఫ్లైఓవర్ మీదుగా వెళ్తే ఆసుపత్రికి తొందరగా చేరతాం’’ అని నేనంటే, ‘‘మీదా? ఎప్పుడు కట్టించారు బాబూ?’’ అని అడిగారు. ఆ మాట మా ఇంట్లో చాలా రోజులు నడిచింది.

ఆ వంతెన మీదే 2023 జూన్‌లో మా కారు మొండికేసింది. అత్తగారికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ టైముకి నేను బీబీడీ బాగ్‌లో ఆఫీసుకి బయల్దేరే హడావుడిలో ఉంటాను కాబట్టి ఆవిణ్ణి బైపాస్ మీది ఆసుపత్రికి తీసుకెళ్లేది మా ఆవిడే. ఆసుపత్రికి చేరాక ఫోన్ చేసింది. ‘‘ఏవండీ, వంతెన ఎక్కుతుంటే ఇంజను గోల పెట్టింది, బండి మాత్రం ముందుకి పోలేదు. వెనక ఒకటే హారన్లు. అమ్మ భయపడిపోయింది. కాసేపటికి దానంతటదే సర్దుకుంది.’’

మాది పన్నెండేళ్ల చిన్నకారు, నాలుగు గేర్ల ఆటోమేటిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా ఆవిడకి ఎడమ మోకాలి లిగమెంటుకి ఆపరేషన్ అయింది. కోల్‌కతా ట్రాఫిక్‌లో గంటకి రెండొందలసార్లు క్లచ్ తొక్కడం ఆమె వల్ల కాదు. అందుకే ఆటోమేటిక్. అంటే మాకు ఆ బండి సరదాకి కాదు, అవసరానికి.

మన బ్యాంకు కుటుంబాల్లో ఇలాంటి బండ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. బదిలీ మీద వచ్చినచోట పాత ఆటోమేటిక్ కొనుక్కున్నవాళ్లూ, వయసు మీద పడ్డాక క్లచ్ వద్దనుకున్న రిటైర్డ్ మిత్రులూ ఎందరో. ‘స్లిప్ అవుతోంది’ అనే మాట ఎప్పుడో ఒకప్పుడు వాళ్లూ వింటారు. విన్నప్పుడు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి అన్నది నేను తెలుసుకున్నంత మేరకు చెబుతాను.

మొదటి ఎస్టిమేటు

ఆ శనివారమే బండిని ఇంటికి దగ్గరలో ఉన్న ఒక గ్యారేజీకి పట్టుకెళ్లాను. అక్కడి కుర్రాడు సందులో అటూ ఇటూ ఒకసారి నడిపి వచ్చి, ‘‘గేర్‌బాక్స్ ఖతం’’ అన్నాడు. విప్పి, ప్లేట్లన్నీ మార్చి, మళ్లీ కట్టడానికి ఎనభై అయిదు వేలు. అప్పటికి మా బండి అమ్మితే లక్షా డెబ్భై వేలు వస్తే గొప్ప.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే లెక్క. బండి ఖరీదులో సగం పెట్టి బాగుచేయించడమా? ఉన్నదున్నట్టు అమ్మేసి, స్టాఫ్ లోను పెట్టి మరొకటి కొనడమా? కొనేవాడికి జబ్బు దాచి అమ్మడం మనసొప్పదు, చెప్పి అమ్మితే పాత ఇనుము రేటు. మేం గొంతు తగ్గించే మాట్లాడుకున్నాం గానీ పక్క గదిలోకి వినబడింది. అత్తగారు గుమ్మం దగ్గరకొచ్చి, ‘‘నాకోసం అంత డబ్బు పొయ్యకండి బాబూ. వారానికి రెండ్రోజులేగా, టాక్సీలో పోతాను’’ అన్నారు. డయాలసిస్ అయ్యాక ఆవిడ నిలబడటానికే ఓపిక లేని మనిషి. టాక్సీ దొరికేదాకా ఎండలో కూర్చోబెట్టడం మాకిష్టం లేదు. అసలు సంకటం అక్కడుంది.

మర్నాడు పొద్దున నాకొక ఆలోచన వచ్చింది. ఎవరైనా పార్టీ లోను అడిగితే, ఒక్కసారి ముఖం చూసి ‘ఇవ్వం’ అనం కదా. అకౌంటు స్టేట్‌మెంటు తెప్పించి చూస్తాం. ఏ నెలలో తగ్గింది, ఎందుకు తగ్గింది, పంట సీజనా, బకాయి రాలేదా అని వెతుకుతాం. మరి ఎనభై అయిదు వేల నిర్ణయానికి అయిదు నిమిషాల ట్రయలు సరిపోతుందా?

లోపల జరిగేదేమిటి?

ముందు లోపలి సంగతి కొంచెం తెలియాలి. మామూలు బండిలో ఇంజనుకీ గేర్లకీ మధ్య మన కాలు తొక్కే క్లచ్ ఉంటుంది. పాత తరహా ఆటోమేటిక్‌లో ఆ చోట టార్క్ కన్వర్టరు ఉంటుంది. గిన్నెలో మజ్జిగ చిలుకుతున్నప్పుడు పైన తేలే కరివేపాకు కూడా గుండ్రంగా తిరుగుతుంది. కవ్వం ఆకుని ముట్టుకోలేదు, మధ్యనున్న మజ్జిగ తిప్పింది. టార్క్ కన్వర్టరులోనూ అంతే. ఇంజను ఒకవైపు రెక్కల్ని తిప్పుతుంది, ఆ రెక్కలు ఆయిల్ని విసురుతాయి, ఆయిలు అవతలి రెక్కల్ని తిప్పుతుంది. హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నది ఓడల కోసం. కార్లలో పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెద్ద ఎత్తున తయారైంది 1939లో, అమెరికాలో. జనరల్ మోటార్స్ వాళ్ల ఆ గేర్‌బాక్సు పేరు హైడ్రామాటిక్.

టార్క్ కన్వర్టరు వెనక గేర్లుంటాయి. ఏ గేరు పనిచేయాలో నిర్ణయించేవి లోపలి క్లచ్ ప్లేట్ల కట్టలు. ఇడ్లీ స్టాండులో రేకుల్లా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆయిల్ ప్రెషరు ఒక పిస్టన్ను తోస్తే అది వాటిని గట్టిగా అదుముతుంది. అదిమితే అన్నీ కలిసి తిరుగుతాయి, ఆ గేరు పడ్డట్టు. ఆ ఒత్తిడి చాలకపోయినా, ప్లేట్ల మీది పొర అరిగిపోయినా అవి ఒకదాని మీద ఒకటి జారతాయి. నూనె చేత్తో సీసా మూత తిప్పితే చెయ్యి తిరుగుతుంది గానీ మూత తిరగదు చూడండి, అదే స్లిప్పు. ఇంజను ఆర్‌పీఎం ముల్లు పైకి పోతుంది, స్పీడు ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ ఆయిలు మూడు పనులు చేస్తుంది. శక్తిని అందిస్తుంది, ప్లేట్లను అదుముతుంది, లోపలి వేడిని కూలరు దాకా మోసుకుపోతుంది. అందుకే ఆటోమేటిక్‌లో ఏ జబ్బుకైనా మొదటి అనుమానం ఆయిలు మీదే పెట్టుకోవాలి. చూడటానికి ఖర్చు కూడా లేదు.

ఒక మాట. అన్ని ఆటోమేటిక్‌లూ ఒక జాతివి కావు. 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎమ్‌టీలో ఉండేది మామూలు క్లచ్చే. దాన్ని తొక్కే పని మన కాలికి బదులు మెషిను చేస్తుంది. అది స్లిప్ అయితే మామూలు బండిలో లాగా ముందు క్లచ్ ప్లేటునే అనుమానించాలి. సీవీటీలో బెల్టు, పుల్లీలు ఉంటాయి. మీ బండిలో ఉన్నది ఏ రకమో ముందు మాన్యువల్ చూసి తెలుసుకోండి. నేను చెప్పేది టార్క్ కన్వర్టరు రకం గురించి.

డైరీ

మా ఆవిడకి ఒక అలవాటుంది. డయాలసిస్‌కి ముందూ తర్వాతా వాళ్లమ్మ బరువు, బీపీ రాసిపెట్టుకోమని డాక్టరుగారు చెప్పారు. అందుకు ఏటా మన బ్యాంకు ఇచ్చే డైరీ వాడుతుంది. ఏ రోజు కాళ్లు వాచాయి, ఆ ముందురోజు ఏం తిన్నారు అన్నీ అందులో ఉంటాయి. డాక్టరుగారు మందు మార్చేముందు ఆ డైరీ అడిగి మరీ చూస్తారు. నేను అకౌంటు స్టేట్‌మెంటు సంగతి చెప్పగానే ఆమె అదే డైరీ తిరగేసి, వెనక పేజీల్లో బండికో ఖాతా తెరిచింది.

ఎనభై అయిదు వేలూ అప్పటికప్పుడు పెట్టలేం కాబట్టి మూడు వారాలు ఆగాం. అత్తగారిని ఎక్కించుకున్నప్పుడు వంతెన మానేసి, కింది రోడ్డు మీద నెమ్మదిగా వెళ్లేవాళ్లం. మిగతా వేళల్లో నేను పక్కన కూర్చుంటే ఆమె నడిపేది. స్లిప్ అయినప్పుడల్లా ఇంటికొచ్చి రాసేది. ‘ఉదయం 7.10. ఇంజను చల్లగా. ఎక్కుడు. ముల్లు రెండు నుంచి నాలుగుకి. స్పీడు ముప్ఫై దగ్గరే.’ ‘సాయంత్రం. వేడెక్కాక. ఎడమ మలుపు. ఒక్క క్షణం పట్టు వదిలింది.’ ‘రివర్సు బాగానే ఉంది. ఆర్ వేసిన వెంటనే పట్టుకుంది.’ మూడు వారాల్లో పదకొండు పద్దులు పడ్డాయి.

మల్లిక్ బజార్ పెద్దాయన

కోల్‌కతాకీ పాత కార్లకీ ఉన్న బంధం మీకు తెలిసిందే. అంబాసిడర్ ఈ పక్కనే ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. స్టేట్స్‌మన్ పత్రిక వాళ్లు 1968 నుంచి ఇక్కడ పాతకార్ల ర్యాలీ జరుపుతున్నారు. పార్క్ స్ట్రీట్ చివర మల్లిక్ బజార్లో మోటారు సామాను దుకాణాలు బారులు తీరి ఉంటాయి. అంబాసిడర్ గేర్‌బాక్సును విప్పి కట్టేవాళ్లకి ఈ ఊళ్లో కొదవ లేదు. ఆటోమేటిక్ తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. మా ఆఫీసులో ఒక బెంగాలీ మిత్రుడు చెబితే ఆ బజారు వెనక సందులో ఒక పెద్దాయన షెడ్డుకి వెళ్లాం.

ఆయన బానెట్ ఎత్తలేదు. స్టూలు మీద కూర్చుని, మాకు మట్టి ముంతల్లో టీ తెప్పించి, ప్రశ్నలు మొదలుపెట్టాడు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ముందుకి మాత్రమేనా, రివర్సులోనూనా? ఒకే గేరులోనా, అన్నిట్లోనా? తిన్నని రోడ్డు మీదా, మలుపులోనా?

‘‘రాసుకొచ్చాను దాదా’’ అంటూ మా ఆవిడ డైరీ తీసింది. తెలుగులో ఉన్నదాన్ని తనే హిందీలో చదివి వినిపించింది. పదకొండులో ఎనిమిది ఎక్కుడు మీదో మలుపులోనో జరిగినవి. తిన్నటి రోడ్డు మీద జరిగినవి మూడు, ఆ మూడూ గట్టిగా బ్రేకు వేసి మళ్లీ కదిలేటప్పుడు. వేడికీ చల్లదనానికీ తేడా లేదు. రివర్సులో ఒక్కటీ లేదు.

ఆయన నవ్వాడు. ‘‘బౌది, బాల్టీలో నీళ్లు సగం కంటే తక్కువుంటే, బాల్టీ వంచినప్పుడు మగ్గుకి గాలే దొరుకుతుంది కదా’’ అన్నాడు. గేర్‌బాక్సు అడుగున ఆయిలు తోడే పంపుకి నోరు ఒకచోట ఉంటుంది. ఆయిలు తగ్గినప్పుడు ఎక్కుడులోనో మలుపులోనో మిగిలిన ఆయిలు ఒక పక్కకి పోయి పంపు గాలిని పీలుస్తుంది. గాలి ప్లేట్లను అదమలేదు. బండి తిన్నగా నిలవగానే ఆయిలు చోటుకొస్తుంది, స్లిప్పు పోతుంది. అరిగిన ప్లేట్లకి మలుపో తిన్నని రోడ్డో తెలియదు, ఆయిలుకి తెలుస్తుంది.

ఆ తర్వాతే బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ లాగాడు. ఆయిలు కింది గీతకి కూడా అందలేదు.

ఆయిలు చూసే పద్ధతి

ఇది ఎవరికి వారు ఇంట్లో చేసుకోగలిగిన పని. పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి ఆయిలు వేడెక్కాక బండిని సమతలం మీద ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేకు తొక్కిపట్టి, లివర్‌ని ఒక్కొక్క స్థానంలో రెండు మూడు సెకన్లు ఉంచుతూ చివరిదాకా తిప్పి మళ్లీ పీలోకి తెండి. చాలా బండ్లలో ఇంజను నడుస్తుండగానే చూడాలి. కొన్ని కంపెనీలవాళ్లు ఆపి చూడమంటారు. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే పాటించండి. డిప్‌స్టిక్ లాగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి లాగండి. వేడిగా ఉన్నప్పుడు చూసే గీతలు, చల్లగా ఉన్నప్పుడు చూసేవి వేరుగా ఉంటాయి. నడుస్తున్న ఇంజను మీదికి వంగేటప్పుడు చీర కొంగు, చున్నీ, మెడలో గొలుసు జాగ్రత్త. కొన్ని బండ్లలో అసలు డిప్‌స్టిక్కే ఉండదు. వాటిని మెకానిక్కు కిందనుంచి చూడాలి.

తర్వాత ఒక చుక్కని తెల్లటి టిష్యూ కాగితం మీద వేయండి. చాలా బండ్లలో కొత్త ఆయిలు ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. గోధుమరంగుకి తిరిగితే పాతబడింది. నల్లగా మారి మాడిన వాసన కొడితే లోపల ప్లేట్లు కాలుతున్నాయి. మెరిసే ఇనుప రజను కనిపిస్తే లోపల ఏదో అరిగి రాలుతోంది. పాలు కలిపిన స్ట్రాబెర్రీ రసంలా ఉంటే నీళ్లో రేడియేటరు కూలెంటో కలిసింది. వానాకాలంలో నీళ్లు నిలిచిన వీధుల్లోంచి బండిని తోలినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. గేర్‌బాక్సుకి గాలి పీల్చే చిన్న గొట్టం ఉంటుంది, బండి మరీ లోతు నీళ్లలో మునిగితే అందులోంచి నీళ్లు దిగుతాయి. నీళ్లు తగిలితే ప్లేట్ల మీది పొరని అతికించిన జిగురు ఊడుతుంది. అలాంటి ఆయిలుతో బండి నడపకూడదు. నురగ కనిపిస్తే ఆయిలు ఎక్కువ పోసి ఉండొచ్చు. తక్కువైనా ఎక్కువైనా ప్రమాదమే.

మా చుక్క ముదురు ఎరుపులో ఉంది, గోధుమరంగుకి దగ్గర పడుతోంది. మాడు వాసన లేదు. పెద్దాయన ముఖం కొంచెం విప్పారింది.

ఆయిలు ఎటు పోయింది?

గేర్‌బాక్సు ఆయిలు ఇంజనాయిల్లా కాలిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పెద్దాయన బండి కింద దూరి, రేడియేటరు దగ్గర కూలరుకి వెళ్లే రబ్బరు గొట్టం మీద వేలు పెట్టి చూపించాడు. తడిగా, ఎర్రగా ఉంది. రబ్బరు గట్టిపడి పగుళ్లిచ్చింది, క్లిప్పు వదులైంది.

నాకప్పుడు గుర్తొచ్చింది. మా అపార్టుమెంటులో బండి పెట్టేచోట రెండు నెలలుగా ఒక మరక ఉంది. వాచ్‌మన్ దాని మీద అట్టముక్క కూడా వేశాడు. ఏసీ నీళ్లనుకుని నేను పట్టించుకోలేదు. రాత్రి పూట బండి కింద తెల్లటి అట్ట పరిస్తే చాలు. పొద్దునకి ఎర్రగా ఉంటే గేర్‌బాక్సు ఆయిలు, నల్లగా ఉంటే ఇంజనాయిలు, ఆకుపచ్చగానో గులాబీరంగుగానో నీళ్లలా ఉంటే కూలెంటు, రంగులేని నీళ్లయితే ఏసీ. కొన్ని బండ్లలో పవర్ స్టీరింగు ఆయిలు కూడా ఎర్రగానే ఉంటుంది, కాబట్టి చుక్క పడ్డచోటు ముందా, పక్కా అన్నది కూడా చూసుకోవాలి.

లక్షణాన్ని బట్టి అనుమానం

టీ రెండో ముంత దగ్గర ఆయన చెప్పినవి మా ఆవిడ అదే డైరీలో రాసుకుంది. మీకూ పనికొస్తాయి.

ముందుకీ వెనక్కీ అన్ని గేర్లలో జారితే ఆయిలు మట్టం, మూసుకుపోయిన ఫిల్టరు, పంపు ప్రెషరు ఈ వరసలో చూడాలి. ఒక్క గేరులోనే జారితే ఆ గేరు ప్లేట్ల కట్టనో, దానికి ఆయిలు వదిలే సోలినాయిడ్‌నో అనుమానించాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే జారి, వేడెక్కాక బాగుంటే లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడి ఉండొచ్చు. వేడెక్కాకే జారితే పాతబడి పలచనైన ఆయిలు, కూలరు అడ్డం, లోపలి లీకు. డీలోనో ఆర్‌లోనో వేశాక బండి పట్టుకోవడానికి రెండు సెకన్లకి మించి పడితే ప్రెషరు తక్కువన్నమాట. ఉన్నట్టుండి బండి ఒకే గేరులో బిగుసుకుని, మీటరులో లైటు వెలిగితే అది కంప్యూటరు తనని తాను కాపాడుకోవడం. అప్పుడు స్కానరు పెట్టి కోడు చదివించాలి. పి 0730 వస్తే గేరు నిష్పత్తి సరిపోవడం లేదని అర్థం. కోడు జరిగిందేమిటో చెబుతుంది, ఎందుకన్నది మళ్లీ మనిషే వెతకాలి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారట. పికప్ తగ్గిన ప్రతిదీ స్లిప్పు కాదు. యాక్సిలరేటరు తొక్కితే ముల్లు కూడా పైకి లేవకుండా బండి నీరసంగా ఉంటే జబ్బు ఇంజనులోనో, పట్టేసిన బ్రేకులోనో ఉంది. ముల్లు లేచి బండి లేవకపోతేనే గేర్‌బాక్సు వైపు చూడాలి.

ఫలితం

గొట్టాలూ క్లిప్పులూ మార్చాక ఆయన గేర్‌బాక్సు అడుగు రేకు దించాడు. అందులో ఒక అయస్కాంతం ఉంటుంది. దానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. పెచ్చులు, ముక్కలు దొరికితే గేర్‌బాక్సు విప్పాల్సిందే. మాకు ముద్దే దొరికింది, కాస్త ఎక్కువగా. ఫిల్టరు మార్చి, కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోశాడు. ఏటీఎఫ్, సీవీటీ ఆయిలు పేర్లు దగ్గరగా ఉన్నా ఒకదానికి బదులు మరొకటి పోయకూడదు. కిందనుంచి దించితే మొత్తం ఆయిలు రాదు, చాలా భాగం టార్క్ కన్వర్టరులోనే ఉండిపోతుంది. అందుకని వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి మార్చాడు. మిషనుతో ఒత్తిడి పెట్టి కడిగే ఫ్లష్ చేయమని నేనడిగితే, ఇంత పాత గేర్‌బాక్సుకి తను చేయనన్నాడు.

రెండుసార్లూ కలిపి మాకైన ఖర్చు పదకొండు వేల నాలుగు వందలు.

కథ సుఖాంతమే గానీ పూర్తిగా కాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు నుంచి మూడుకి మారేటప్పుడు ముల్లు ఇప్పటికీ చిన్నగా ఎగురుతుంది. ఆయన దాచకుండా చెప్పాడు. ‘‘ఆయిలు లేకుండా తిరిగిన రోజుల్లో ప్లేట్లు కొంచెం తిన్నాయి దాదా. అది తిరిగి రాదు. ఇంకో నెల అలాగే తిప్పి ఉంటే ఆ ఎనభై అయిదు వేల మాట నిజమయ్యేది.’’ మూడు వారాలు రాసుకుంటూ తిరిగామని గర్వపడుతున్న మాకు అది కొంచెం గుచ్చుకుంది. రాయడం మంచిదే, కానీ మొదటి రోజే డిప్‌స్టిక్ చూసి ఉంటే ఆ మూడు వారాల నష్టం కూడా ఉండేది కాదు. మొదటి గ్యారేజీ కుర్రాడు అబద్ధం చెప్పాడని నేననను. స్లిప్పు ఉన్నమాట నిజం. కారణం వెతక్కుండా ధర చెప్పాడు. నేనూ డిప్‌స్టిక్ చూడకుండానే ఆ ధర విని బండి అమ్మే దాకా ఆలోచించాను.

మల్లిక్ బజార్లో పాత బండ్లనుంచి తీసిన గేర్‌బాక్సులు దొరుకుతాయి, మాకూ ఒకరు చూపించారు. దాని వెనకటి చరిత్ర తెలియదు కాబట్టి వద్దనుకున్నాం. స్టేట్‌మెంటు లేని అకౌంటు లాంటిది అది.

చేయకూడనివి

దారిలో స్లిప్ అయితే యాక్సిలరేటరు ఇంకా తొక్కకండి. జారే ప్లేట్లు ఆ వేడికి నిమిషాల్లో కాలతాయి. కాలు తీసి, నాలుగు లైట్లూ వెలిగించి, నిదానంగా పక్కకి చేరండి. ఫ్లైఓవర్ల మీద ఆగే చోటుండదు కాబట్టి అనుమానం ఉన్నన్నాళ్లు కింది రోడ్డే మేలు. ఎక్కుడు మీద బండిని యాక్సిలరేటరుతో నిలబెట్టకండి, బ్రేకు తొక్కండి. బండి పూర్తిగా ఆగకముందే డీ నుంచి ఆర్‌కి మార్చకండి. నడిచే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగించకండి. ఇంజను ఆగితే ఆయిలు పంపూ ఆగుతుంది, గేర్లు పొడిగా తిరిగి అరిగిపోతాయి. చక్రాలు పైకెత్తే బండి మీదే తీసుకెళ్లాలి. తోసి స్టార్టు చేయాలని కూడా చూడకండి, అవ్వదు.

రెండో గ్యారేజీకి వెళ్లడానికి మొహమాటపడకండి. వెళ్లేటప్పుడు ‘స్లిప్ అవుతోంది’ అన్న ఒక్క మాటతో వెళ్లకండి. చల్లగానా వేడిగానా, ఏ గేరు, ఎక్కుడా మలుపా, రివర్సు ఎలా ఉంది అన్నవి రాసుకుని వెళ్లండి.

ఆ తర్వాత మొదటిసారి వంతెన ఎక్కిన రోజు ఆదివారం. నేను పక్కన కూర్చున్నాను, అత్తగారు వెనక సీట్లో. ఎక్కుడు మొదలవగానే ముగ్గురం మాట్లాడటం మానేశాం. ముల్లు రెండు దాటి రెండున్నర దగ్గర నిలిచింది, బండి సాఫీగా ఎక్కింది. వంతెన మీదికి వచ్చాక అత్తగారు అడిగారు. ‘‘మీ వంతెన బాగానే ఉందిగా బాబూ?’’

పోయిన డిసెంబరులో కొత్త డైరీలు వచ్చినప్పుడు రెండు కావాలని అడిగాను. రెండెందుకని స్టేషనరీ చూసే మిత్రుడు అడిగితే, అత్తగారికి ఒకటి, బండికి ఒకటి అన్నాను. వేళాకోళం అనుకుని ఆయన నవ్వాడు గానీ రెండూ ఇచ్చాడు.